వెనక నుంచి పిలవకూడని మనిషి

"మళ్ళీ నువ్వే కదమ్మా తిప్పింది?"

"పొద్దున తిప్పింది నేనే. ఇప్పుడు తిప్పింది నేను కాదు."

"నేను డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను. పాప ఇంకా స్కూల్లోనే ఉంది. మరి ఫోటో దానంతటదే గోడవైపు తిరిగిందా?"

"నన్నడిగితే నాకేం తెలుసు? తెచ్చి పెట్టింది నువ్వు."

మా అమ్మాయి కోటు కూడా విప్పకుండా వెళ్ళి ఫోటోని మళ్ళీ మా వైపు తిప్పింది. పెద్ద ఫ్రేము. దాని మీద ఇండియన్ షాపులో కొన్న గంధపు దండ. ఫోటోలో తెల్లటి జుట్టు, నల్లటి మొహం, ఎర్ర ఉన్ని టోపీ. ఆ నవ్వు సగమే ఉంటుంది. ఆవిడ పూర్తిగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

"రేపు అంతమంది వస్తారు. పెద్దవాళ్ళని గౌరవించుకునే రోజమ్మా అది! ఈ పేటలో ఆ పండగ మొదలుపెట్టిందే ఆవిడ. ఆవిడ ఫోటో పెట్టకుండా, పేరెత్తకుండా, ఎవరిని తలుచుకుంటున్నామని చెప్పను మైకులో?"

"తెలిసినవాళ్ళకి నువ్వు చెప్పక్కర్లా. తెలియనివాళ్ళకి చెప్పినా తెలీదు."

"నాన్న ఫోటోకి రోజూ దీపం పెడతావే! ఆయనకో న్యాయం, ఆవిడకో న్యాయమా?"

"మీ నాన్న ఇంట్లో ఉండాలని పెడతానే. ఆవిడ వెళ్ళాలి."

నా కూతురు పెద్దాసుపత్రి డాక్టరు. రోజూ ఎందరికో నాడి చూసే మనిషి. జవాబు లేనప్పుడు ఫ్రిజ్ తెరిచి చూస్తుంది. అలాగే చూసింది. "కరెంటు" అన్నాను. మూసేసింది.

ఆవిడ పేరు నేనిక్కడ కూడా రాయను. ఆస్ట్రేలియాలో తెల్లవాళ్ళు అడుగుపెట్టక ముందు నుంచీ ఉన్న ఆదివాసుల మనిషి ఆవిడ. వాళ్ళ వైపు, పోయినవాళ్ళ పేరు కొంతకాలం పలకరు. బొమ్మ చూపించరు. ఇంకా పలకొచ్చని ఆవిడ మనుషులు చెప్పలేదు. బతికుండగా కూడా ఆవిడని మేమెవరం పేరుతో పిలిచింది లేదు. ఇక్కడ ఇంగ్లండులో మన పిల్లలు పెద్దవాళ్ళందరినీ ఆంటీ, అంకుల్ అంటారు కదా, వాళ్ళలోనూ పెద్దలని అలాగే అంటారట. పేటంతటికీ ఆవిడ ఆంటీ. నాకన్నా పెద్దదో చిన్నదో తెలియకపోయినా, నన్ను మాత్రం అక్కా అనేది. పాప నేర్పింది.

మొదటిసారి వచ్చినప్పుడు వీధి తలుపుకు బెల్లు ఉండగా, పక్కసందులోంచి వచ్చి వంటింటి కిటికీ మీద గోటితో రెండుసార్లు తట్టింది. చూస్తే, మగవాళ్ళ ఓవర్ కోటు తొడుక్కున్న ముసలావిడ. రంగూ రూపూ చూసి మన ఒంగోలు వైపు మనిషే అనుకున్నాను. "ఎవరమ్మా, ఏం కావాలి?" అన్నాను తెలుగులోనే. ఆవిడ నా మొహం చూడలేదు. పెరట్లో చెట్టుని చూస్తూ, అది మా దేశం చెట్టు అంది.

నాకొచ్చిన ఇంగ్లీషు ఆ మాత్రానికి చాలు. "కాదు. మా కనిగిరి చెట్టు" అన్నాను. మా వైపు జామాయిల్ తోటలు ఎన్నున్నాయో ఆవిడకేం తెలుసు? ఆ ఆకు మోపులు కట్టి మోసినదాన్ని. దోమలకి పొగ వేసినా, జలుబుకి ఆవిరి పట్టినా మాకు జామాయిలే. లీడ్స్ వచ్చి ఈ ఇంటి పెరట్లో ఆ చెట్టుని చూసినప్పుడు మా ఊరి మనిషి కనబడినట్టే ఉంది నాకు. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని నాది అంటుంది. నేను వేలు చూపించి నాది అంటాను. పాప స్కూలు నుంచి వచ్చేదాకా అదే గొడవ.

"షీ ఈజ్ రైట్, అమ్మమ్మా. ఆ చెట్టు ఆస్ట్రేలియా నుంచే వచ్చింది."

"ఎవరు చెప్పారు?"

"ఇంటర్నెట్."

"దానికేం తెలుసు? అది కనిగిరి వచ్చిందా?"

ఆవిడకి ఏమర్థమైందో, సగం నవ్వు నవ్వింది. కొంచెం ఆకు కావాలంది. రాలినవి ఏరుకోమన్నాను. రాలినవి కాదు, పచ్చివి కావాలి, చెట్టుని అడిగి కోసుకుంటానంది. అది నాకు కొత్తగా అనిపించలేదు. మేమూ తులసిని అడక్కుండా కొయ్యం. కానీ ఆవిడ అడిగిన తీరు వేరు. మాను మీద అరచెయ్యి ఆనించి, వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడింది. తను ఎవరి కూతురో, ఎవరి మనవరాలో చెప్పుకుందట. తర్వాత చెయ్యి తియ్యకుండా నిలబడింది. గాలి లేదు. అంత చెట్టులో పైకొమ్మ ఒక్కటే కదిలింది. పిట్ట వాలిందేమో అనుకున్నాను. పిట్ట లేచిపోతుందేమోనని చాలాసేపు చూశాను. ఏదీ లేవలేదు.

"సరేనంది" అని ఆవిడ ఒక్క రెమ్మ విరుచుకుంది.

అప్పటి నుంచి వస్తూనే ఉండేది. ఎప్పుడొచ్చినా వంటింటి కిటికీయే, గోటితో రెండు తట్లే. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడి, అప్పుడు లోపలికి వచ్చేది. వచ్చాక తలుపు పూర్తిగా వేసేది కాదు. హీటింగ్ నడుస్తున్న ఇంట్లో తలుపు ఓరగా వదిలేసే మనిషిని నేను భరించలేను.

"తలుపెయ్. వేడంతా వీధిలోకి పోతోంది."

"ఉండక్కా. వాళ్ళు మెల్లగా వస్తారు. పెద్దవాళ్ళు."

"ఎవరు?"

కాసేపయ్యాక తనే లేచి, ఎవరో పూర్తిగా లోపలికి వచ్చినట్టు చూసి, తలుపు వేసేది. ఆ తర్వాత వంటింట్లో చోటు ఇరుకైనట్టు ఉండేది నాకు. స్టవ్వుకీ బల్లకీ మధ్య నేను ఒళ్ళు పక్కకి తిప్పుకుని నడిచేదాన్ని. ఎందుకలా నడుస్తున్నావని ఒకసారి పాప అడిగితే, అప్పుడు తెలిసింది నాకు.

టీ ఇస్తే సగమే తాగేది. పాలు కాచి, అల్లం దంచి పెట్టిన టీ. ఇక్కడివాళ్ళలాగా నీళ్ళలో సంచి ముంచింది కాదు. తక్కిన సగం పట్టుకెళ్ళి చెట్టు మొదట్లో పోసేది. మొదట్లో నోరు చేసుకున్నాను.

"తాగనిదానివి సగమే పొయ్యమనొచ్చు కదా! పారబోయడానికి పెట్టానా?"

"పారబోయలేదక్కా. సగం నాది. సగం వాళ్ళది."

సరే, మేమూ తినబోయే ముందు కాకికింత పెడతాం. అయినా అంత మంచి టీ పోయడం నాకు నచ్చేది కాదు. అందుకని ఆవిడకోసం చిన్న కప్పు తీసి పెట్టాను. అంచు పెచ్చు లేచిన నీలం కప్పు. దాంట్లోనూ సగమే తాగేది.

ఈ దేశం ఎందుకొచ్చావని ఒకసారి అడిగాను. "కొందరిని ఇంటికి తీసుకెళ్దామని వచ్చా. ఇవ్వలేదు. ఉండిపోయా" అంది. అంతకు మించి చెప్పలేదు. వాళ్ళెవరో పాపకి శెలవులిచ్చినప్పుడు తెలిసింది. మా ఇద్దరినీ రైల్లో వేరే ఊరు తీసుకెళ్ళింది. అక్కడొక మ్యూజియం. బడిపిల్లలు శాండ్‌విచ్‌లు తింటున్న నడవా దాటుకుని, బొమ్మా బోర్డూ ఏమీ లేని ఒక గోడ దగ్గర ఆగింది. ఆ గోడ అవతల పెట్టెల్లో వాళ్ళ పూర్వీకుల ఎముకలున్నాయట. ఎప్పుడో ఓడల మీద తెచ్చినవి. లోపలికి ఎప్పుడోగాని పంపరు. పంపని రోజున గోడకే చెప్పుకుని వస్తుంది.

గోడ మీద అరచెయ్యి ఆనించి మాట్లాడింది. ఆగింది. చెవి ఒగ్గింది. మళ్ళీ మాట్లాడింది. ఒక్కరితో కాదు, నలుగురైదుగురు ఒకేసారి అడుగుతుంటే తలా ఒక ముక్క చెబుతున్నట్టుంది ఆ మాట్లాడడం. పాప నా కొంగు పట్టుకుంది.

"ఏమంటున్నారు?" అన్నాను. పక్కన నిలబడి ఊరుకోవడం మర్యాద కాదనిపించింది.

"చలి అంటున్నారు."

"ఇంకా?"

"ఆ చీర మనిషెవరని అడుగుతున్నారు."

"ఏం చెప్పావు?"

"అక్క అని చెప్పా. టీ బాగా పెడుతుంది, కానీ తిడుతుందని చెప్పా."

బయటికి వచ్చేటప్పుడు వాకిట్లో అద్దాల తలుపులు వాటంతటవి తెరుచుకున్నాయి. మేం ముగ్గురం దాటాం. తలుపులు మూసుకోలేదు. మెట్లు దిగి వెనక్కి చూస్తే అలాగే తెరిచి ఉన్నాయి. కాపలా అతను వచ్చి పైన ఏదో నొక్కి చూశాడు. మూసుకోలేదు. నేను అడుగు ముందుకు వేయబోతే ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "తొందరపెట్టకు" అంది. కాసేపటికి మూసుకున్నాయి. గుమ్మం దాకా సాగనంపి వెళ్ళారు, అంతకంటే బయటికి రావడానికి వీల్లేదు వాళ్ళకి, అంది.

రైల్లో పాప నా భుజం మీద నిద్రపోయింది. నేను మాత్రం ఎదుటి ఖాళీ సీట్ల వైపు చూడలేదు.

పోయిన శీతాకాలం మొదట్లో గోంగూర వలుస్తుంటే వచ్చి, తనూ ఒక కట్ట ముందేసుకుంది. వలుస్తూ వలుస్తూ చెప్పింది.

"పెట్టెలు ఇచ్చేస్తారటక్కా. ఒప్పుకున్నారు. ఎండాకాలంలో మా మేనల్లుడు వచ్చి తీసుకెళ్తాడు. వాళ్ళతోనే నేనూ వెళ్ళిపోతా."

"మంచిదే కదా. టికెట్టు ఇప్పుడే కొనుక్కో. ఆలస్యమైతే ధర పెరుగుద్ది."

"నాకు టికెట్టు అవసరం ఉండదు" అంది. చేతిలో ఆకు వలవడం ఆపలేదు. "నేను బయల్దేరాక ఎవరినీ నన్ను పేరు పెట్టి పిలవనివ్వకు. బొమ్మ పెట్టనివ్వకు. పిలిస్తే తిరిగి చూడాల్సొస్తుంది. తిరిగి చూస్తే దారి పోతుంది. అంతా సముద్రం. గుర్తులుండవు."

ఇది నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని మాకు నడక రాకముందే నేర్పుతారు. ఆ మాటే ఆవిడకి చెప్పాను.

"మరి మర్చిపోయి పిలిస్తే?" అంది.

"వెనక్కి రావాలి. కాసేపు కూర్చోవాలి. కాసిని నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. అప్పుడు దోషం ఉండదు."

ఆవిడ ఇంకో కాడ వలిచింది. "మీది మంచి పద్ధతి" అంది. "మాకు అది లేదు. ఎవరైనా పిలిస్తే నీ దగ్గరికే వస్తాలే. నీళ్ళొద్దు, టీ పెట్టు." తర్వాత చెయ్యి చాపింది. ఆ చేతిలో చెయ్యి వేశాను. జామాయిల్ పొగ వాసన వేసే చెయ్యి. నేను మాట ఇచ్చింది ఆ చేతికి.

ఎండాకాలం రాకుండానే పోయింది. మా అమ్మాయి పనిచేసే ఆసుపత్రిలోనే. చివర్లో కిటికీ తెరవమందట. అక్కడి కిటికీలు బెత్తెడు మించి తెరుచుకోవు. అందుకని మా అమ్మాయే ఆ గది తలుపు బార్లా తెరిచిందట. "ఎవరితోనో మాట్లాడుతుందని నువ్వు చెప్పినట్టే, తలుపు వైపు చూసి 'ఉండండి, వస్తున్నా' అందమ్మా" అని ఇంటికొచ్చి ఏడ్చింది. దహనం ఇక్కడే చేశారు. అస్థికలు మేనల్లుడి కోసం ఉంచారు. ఇప్పుడతను వచ్చాడు. రేపు శనివారం మా పేట కమ్యూనిటీ సెంటర్లో పండగ. ఆదివారం పొద్దున అస్థికలూ ఆ పెట్టెలూ ఒకే విమానంలో వెళ్తాయి. ఆవిడ ఇన్నేళ్ళు కాచుకున్నది ఆ ఒక్క ప్రయాణానికే. మాట తప్పితే ఆవిడ సముద్రం మీద దారి తప్పుతుంది. నా కూతురితో గొడవ అందుకే.

ఇంతలో పాప స్కూలు నుంచి వచ్చింది. వాళ్ళమ్మ చేతికి కాగితం ఇచ్చి, "రేపు నువ్వు చదవాల్సింది. ఒకసారి చదివి వినిపించు" అంది.

"వద్దే" అన్నాను.

"అమ్మా, ప్లీజ్. రిహార్సల్."

పాప నావైపొకసారి, వాళ్ళమ్మవైపొకసారి చూసి మొదలుపెట్టింది. ఈ పేటకి పెద్దదిక్కుగా నిలిచిన, అని ఇంగ్లీషులో చదివి, ఆవిడ పేరు పలికింది. పూర్తిగా, ఇంటి పేరుతో సహా.

వంటింట్లో పొగ అలారం మోగింది.

స్టవ్వు మీద ఏమీ లేదు. వెలిగించి కూడా లేదు. మా అమ్మాయి విసుక్కుంటూ స్టూలు లాగి, "బ్యాటరీ అయిపోయుంటుంది" అని ఎక్కింది. మూత విప్పింది. మోత ఆగింది. దిగలేదు. చేతిలో బ్యాటరీతో అలాగే స్టూలు మీద నిలబడింది.

"అమ్మా, ఆకు ఏమన్నా కాల్చావా?"

"లేదు."

"జామాయిల్ వాసన వస్తోంది."

పాప కాగితం మడిచి బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి పెట్టుకుంది. మా అమ్మాయి దిగి, ముందుగదిలోకి వెళ్ళింది. ఫోటో మళ్ళీ గోడవైపు తిరిగి ఉంది కాబోలు, గుమ్మంలోనే ఆగింది. తర్వాత నా పాత నూలు చీర అడిగి తీసుకుని, ఫోటోకి గట్టిగా చుట్టి, మెట్ల కింద అల్మారాలో పెట్టింది. దండ తీసి నా చేతికిచ్చింది. తిరిగిచ్చేస్తే షాపువాడు తీసుకుంటాడేమోనని కాగితంలో చుట్టి ఉంచాను.

శనివారం సన్నటి జల్లు. కారు పార్కింగులో ఇనప బకెట్టు పెట్టి, వాళ్ళ ఆచారం ప్రకారం పొగ వెయ్యడానికి మేనల్లుడు నిప్పు చేశాడు. బారెడు మనిషి, ఫుట్‌బాల్ టోపీ. పచ్చి జామాయిల్ మా చెట్టుదే. పొద్దున వచ్చి, మాను మీద చెయ్యి వేసి అడిగి కోసుకున్నాడు. ఆవిడ ఏటా కూర్చునే మడతకుర్చీ మధ్యలో వేసి గుడ్డ కప్పారు. పిల్లలు, ముసలివాళ్ళు, చక్రాల కుర్చీలవాళ్ళు వరసగా పొగలోంచి నడిచారు. డాన్సులున్నాయి, పాటలున్నాయి, సమోసాలున్నాయి. మా అమ్మాయి మైకు పట్టుకుని మాట్లాడుతూ మాట్లాడుతూ పేరు దగ్గరికి వచ్చింది. నోరు తెరిచింది. కుర్చీ వైపు చూసి, మింగేసింది. "మా పెద్దావిడ" అంది. మేనల్లుడు టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

ఆఖరుకి అతను బకెట్టు ఎత్తుకుని గేటు దాకా నడిచాడు. గాలి మా మొహాల మీదికి కొడుతోంది. పొగ మాత్రం గాలికి ఎదురు నడిచింది. నేల మీద పాకుతూ గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. దగ్గరున్న పెద్దవాళ్ళం ఒక్కొక్కరం వెళ్ళి ఒక మాట చెప్పి వచ్చాం. నా వంతు వచ్చినప్పుడు నేనూ చెప్పాను. పండగలో ఎవరూ వెనక నుంచి పిలవలేదు, ఇచ్చిన మాట నిలబెట్టాను అనుకుంటూ ఇంటికి నడుస్తున్నాను.

"అమ్మమ్మా" అంది పాప. "నువ్వు గేట్ దగ్గర ఆంటీకి ఏం చెప్పావు?"

"ఏం చెప్తాం? వెళ్ళిరామ్మా అన్నాను."

"బట్... అంటే 'వెళ్ళి, రా' అని కదా? గో, అండ్ దెన్ కమ్ బ్యాక్?"

నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. మన ఇళ్ళల్లో గుమ్మం దాటేవాళ్ళతో ఒట్టి 'వెళ్ళు' అనం. 'వెళ్ళిపోతా' అని పోయేవాళ్ళూ అనకూడదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎవరు బయల్దేరినా నా నోటి నుంచి వచ్చే మాట అదొక్కటే. అంతమందిలో పేరు పలకనివ్వలేదు, బొమ్మ పెట్టనివ్వలేదు. రమ్మన్నది మాత్రం నేనే.

మర్నాడు పొద్దున ఆరింటికి లేచి పాలు పొయ్యి మీద పెట్టాను. మా అమ్మాయీ పాపా ఇంకా లేవలేదు. అల్లం దంచుతుంటే వంటింటి కిటికీ మీద చప్పుడైంది. గోటితో, రెండు తట్లు.

కిటికీలో ఎవరూ లేరు. తలుపు గడియ తీసి, ఓరగా వదిలాను. జల్లు లోపలికి కొడుతున్నా మూయలేదు. వాళ్ళు మెల్లగా వస్తారు. కాసేపయ్యాక నేనే వేశాను. నీలం కప్పు తీసి నిండా టీ పోసి, ఆవిడ కూర్చునే చోట పెట్టాను. ఎదురుగా నేను కూర్చున్నాను. పేరు పెట్టి పిలవలేదు. పలకరించలేదు. మేనల్లుడి విమానం పదింటికి. గడియారం చూస్తూ కూర్చున్నాను.

తర్వాత లేచి తలుపు తెరిచాను.

"ఇక వెళ్ళు" అన్నాను.

రెండో ముక్క నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళ మధ్య పట్టి ఆపాను.

పెరటి గేటు గడియ టక్కుమంది. వెళ్ళి చూస్తే గేటు తెరిచి ఉంది. తిరిగొచ్చి చూస్తే కప్పులో టీ సగమే ఉంది.

ఆ సగం పట్టుకెళ్ళి జామాయిల్ మొదట్లో పోశాను. గేటు వేసి గడియ పెట్టాను. కప్పు కడిగి, బోర్లించాను.